భర్తకి బీపీ, భార్యకి నాలుక: జింక్ లోపం మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసులో జింక్ లోపం ఉన్నది భార్యకి. కానీ బీపీ దిగడం లేదని నా దగ్గరికి వచ్చింది భర్త. ఆయన లెక్క తేలక వెతుక్కుంటూ పోతే ఆమె నాలుక దగ్గర ఆగాల్సి వచ్చింది. నెల్లూరు జిల్లా అల్లూరు వైపు ఒక పల్లె, ఇంట్లో ఐదుగురు: పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, బడికెళ్ళే మనవడు. వాళ్ళు రాసుకోమన్నాకే రాస్తున్నాను, ఆనవాలు పట్టే వివరాలు తీసేశాను.

పెద్దాయనకి 62. ఎమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర 5 మిల్లీగ్రాముల మీద ఏళ్ళ తరబడి 130/80 దరిదాపుల్లో ఉన్న మనిషి, ఏడాదిలో మెల్లగా 150కి, తర్వాత 160/96కి ఎక్కాడు. డోసు 10 చేస్తే పాదాలు వాచాయి తప్ప బీపీ పెద్దగా దిగలేదు. మాత్రలు మానడం లేదు, నొప్పి మాత్రలు మింగడం లేదు, మందు అలవాటు లేదు, కిడ్నీ బాగానే ఉంది, బరువూ పెరగలేదు. ఉప్పు తగ్గించారా అంటే, "నేనేంది సార్ తగ్గించేది, వండేది ఆమె గదా, ఈ మధ్య పులుసు నోట్లో పెట్టుకుంటే సముద్రం నీళ్ళే" అన్నాడు. ఇలాంటి మాట మగవాళ్ళు చాలామంది అంటారు, సగం ఇంటావిడ మీద తోసేయడానికే, అందుకని నేను నోటి మాట మీద నమ్మకం పెట్టుకోను. ఐదు లీటర్ల క్యాను ఇచ్చి 24 గంటల మూత్రం పట్టించాను. పొద్దున లేచి మొదట పోసేది పారబోయాలి, మర్నాడు పొద్దున మొదటిది క్యానులో కలపాలి. ఈ ఒక్క సంగతి సరిగ్గా చెప్పకపోతే మొత్తం లెక్క తప్పుతుంది. సోడియం 230 మిల్లీమోల్ వచ్చింది. గ్రాము ఉప్పులో దాదాపు 17 మిల్లీమోల్ సోడియం ఉంటుంది కాబట్టి రోజుకి 13 గ్రాముల పైమాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 5 గ్రాముల లోపు. అంటే ఆయన చెప్పింది నిజమే.

అప్పుడు బయట బెంచీ మీద కూర్చున్న ఆమెని లోపలికి పిలిచాను. 57 ఏళ్ళు. "ఈయనకి అన్నీ ఉప్పెక్కువే సార్, నాకేమో ఏం తిన్నా చప్పగానే ఉండాది" అంది. ఈలోపు కోడలు గొంతు తగ్గించి ఇంకో ముక్క చెప్పింది: అత్త పని చేసుకుంటూ ఉప్పు జాడీలోంచి కల్లు ఒకటి తీసి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తా ఉంటదట, ఒక్కోసారి చింతపండుతో కలిపి. ఆమె సిగ్గుపడి "నోరు అదోలా ఉంటే ఒక రవ్వ ఏసుకుంటా" అని నవ్వేసింది.

ఈ రెండు మాటల్నీ నేను విడివిడిగా రాసుకున్నాను, కేసు మొత్తం నిలబడింది ఆ విడదీయడం మీదే. కూరలో ఉప్పు తెలియకపోవడం ఒకటి, ఉప్పు కోసం నోరు పీకడం ఇంకొకటి. మొదటిది నాలుకది. రెండోది చాలాసార్లు ఒంట్లో సోడియం తగ్గిందని శరీరం అడగడం. రెండూ ఒకే మనిషిలో ఉంటే చూసేవాళ్ళకి "ఈమెకి ఉప్పు పిచ్చి" అని ఒకటే కనిపిస్తుంది, చేసే వైద్యం మాత్రం రెండింటికీ వేరు.

ఆమె మందుల సంచి బల్ల మీద గుమ్మరించమన్నాను. షుగరు పదేళ్ళ నుంచి, మెట్‌ఫార్మిన్ 1000 రోజుకి రెండు. బీపీకి టెల్మిసార్టాన్ 40, దాంతో కలిపి హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 (థయజైడ్ రకం మాత్ర, మూత్రంలో ఉప్పునీ నీళ్ళనీ బయటికి పంపేది), రెండేళ్ళుగా. ఇవి కాక పరగడుపున పాంటోప్రజోల్ 40, ఎవరో ఎప్పుడో వారం రోజులకి రాస్తే ఏడాది పైగా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటూనే ఉంది. మన దగ్గర "గ్యాస్ మాత్ర"ని మందుల్లో లెక్కేయరు, విడిగా అడిగితే తప్ప చెప్పరు. మెట్‌ఫార్మిన్ వల్ల రోజుకి మూడు నాలుగు సార్లు పల్చగా విరేచనం, దానికీ అలవాటు పడిపోయింది.

తిండి సంగతి. ముందు నుంచీ చేపా మాంసం తినే ఇల్లే. మనవడికి జబ్బు చేసినప్పుడు జొన్నవాడ కామాక్షమ్మకి మొక్కుకుని ఈమె నీసు మానేసింది, గుడ్డు కూడా. పొద్దున ఇడ్లీ, టీ, మధ్యాహ్నం అన్నం పప్పు ఊరగాయ, రాత్రి మజ్జిగన్నం. మిగతావాళ్ళకి చేపల పులుసు ఆమే వండుతుంది కానీ నోట్లో వేసుకోదు, కాబట్టి పులుసులో ఉప్పెక్కువైతే అది రుచి చూడకపోవడం వల్ల కూడా కావచ్చు. అందుకే పప్పు, చారు, పచ్చడి సంగతి అడిగాను. రుచి చూసి వేసే వాటిలోనూ ఎక్కువేనంది కోడలు. ఉప్పు ఎంత కొంటున్నారని అడిగితే, ఇస్కపల్లి కొఠార్ల నుంచి వచ్చే కల్లుప్పు, ఒకప్పుడు నెలకి కిలోన్నర పట్టేది ఇప్పుడు మూడు కిలోలు కూడా చాలడం లేదట. చేపలు కడగడానికి పోయేది తీసేసినా పెరిగిన లెక్క పెరిగినట్టే ఉంది. (ఆ ఉప్పులో అయోడిన్ ఉండదు, అదో వేరే తలనొప్పి, ఆ రోజు దాన్ని కదపలేదు.)

పరీక్ష చేస్తే పడుకున్నప్పుడు బీపీ 118/72, నిలబడితే 104/68, లేవగానే కాస్త తూలుడు. చర్మం, చిగుళ్ళు, అరచేతి గీతలు నల్లబడలేదు. ఉప్పు చప్పరిస్తూ లోబీపీతో వచ్చిన మనిషిలో అడ్రినల్ గ్రంథి (కిడ్నీల మీద ఉండి ఒంట్లో ఉప్పు నిలిపేది) దెబ్బతినడం మర్చిపోకూడదు, అందులోనూ ఆ గ్రంథిని పాడుచేసే టీబీ ఇంత ఉన్న దేశంలో. 1940లో విల్కిన్స్, రిక్టర్ రాసిన మూడున్నరేళ్ళ పిల్లాడి కేసు వైద్య విద్యార్థులందరూ చదవాల్సింది: ఇంట్లో ఉప్పు దొంగతనంగా తింటూ బతికిన పిల్లాడు, ఆసుపత్రిలో మామూలు తిండి మీద పెట్టేసరికి చనిపోయాడు, అడ్రినల్ కార్టెక్స్ పాడైందని తర్వాత తెలిసింది. ఈమెకి పొద్దున 8 గంటల కార్టిసాల్ (అడ్రినల్ తయారుచేసే హార్మోన్) బాగానే వచ్చింది.

నాలుక అంచుల్లో బుడిపెలు నునుపుగా అరిగినట్టున్నాయి, తెల్ల పూత లేదు, పెదాల మూలలు పగిలి ఉన్నాయి, జుట్టు పల్చబడింది, మడమ పగులు ఒకటి నెలల తరబడి మానడం లేదు (షుగరు వల్ల కూడా కావచ్చు, దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోలేదు). గోళ్ళ మీద తెల్ల మచ్చలు చూసి జింక్ లోపం అనేసేవాళ్ళున్నారు, అది నమ్మదగ్గ గుర్తు కాదు. తర్వాత వాసన. రుచి పోయిందని వచ్చేవాళ్ళలో చాలామందికి నిజానికి పోయింది వాసన, కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసొచ్చిన సంగతే. కళ్ళు మూయించి ఇంగువ, కాఫీ పొడి ఒక్కో ముక్కుకి విడిగా పెట్టాను, రెండూ టక్కున చెప్పింది. కాబట్టి లోపం నాలుకదే.

రుచిని కొలవడానికి మా క్లినిక్‌లో యంత్రాలేం లేవు, అవసరం కూడా లేదు. లీటరు నీళ్ళలో 20 గ్రాముల ఉప్పు తూకం వేసి కలిపితే 2 శాతం. అందులో సగం తీసి అంతే నీళ్ళు పోస్తే 1, మళ్ళీ సగం చేస్తే అర, అలా పావు, 0.12, 0.06 దాకా. ఒక్కో మెట్టుకీ మూడు గ్లాసులు, రెండింట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో ఉప్పునీళ్ళు. నోట్లో పోసుకుని తిప్పి ఉమ్మేయాలి, మధ్యలో పుక్కిలించాలి, ఏది వేరుగా ఉందో, ఆ రుచేమిటో చెప్పాలి. పల్చటి వైపు నుంచి మొదలుపెట్టాలి, చిక్కటిది ముందు ఇస్తే నాలుక మొద్దుబారుతుంది. పోల్చుకోవడానికి అదే నీళ్ళు తాగి అదే వంట తినే కోడల్నీ పెద్దాయన్నీ కూడా కూర్చోబెట్టాను. కోడలు 0.12 దగ్గర ఉప్పని చెప్పేసింది, పెద్దాయన పావు శాతం దగ్గర. ఈమె అర శాతం దాకా మూడూ నీళ్ళేనంది, 1 శాతం దగ్గర "ఇందులో ఏందో ఉండాది" అని, కాసేపాగి "ఉప్పేమో" అంది. మామూలుగా మన పప్పులో చారులో ఉండే ఉప్పు దాదాపు ఆ ఒక్క శాతం దగ్గరే ఉంటుంది. అంటే నలుగురికీ సరిపోయిన పప్పు ఆమె నాలుకకి గడప మీద కూర్చుంది, లోపలికి రాలేదు. పంచదార, నిమ్మరసం కూడా ఆలస్యంగానే తెలిశాయి కానీ ఇంత తేడా లేదు, చేదు బాగానే తెలిసింది.

దీనితోనే ఆగకూడదు. ఎంత పల్చటి ఉప్పు తెలుస్తుందన్నది వేరు, ఎంత ఉప్పు బాగుందనిపిస్తుందన్నది వేరు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఈ రెండూ ఒకదాన్నొకటి అనుసరించవు. అందుకని మజ్జిగ పరీక్ష పెట్టాను. 200 మిల్లీలీటర్ల చప్పటి మజ్జిగ, పక్కన తూకం వేసిన ఉప్పు గిన్నె, నీకు నచ్చేదాకా కలుపుకో అని చెప్పి తర్వాత గిన్నెని మళ్ళీ తూచడం. కోడలు 1.2 గ్రాములు వేసుకుంది. ఈమె వేసింది, కలిపింది, తాగి చూసింది, మళ్ళీ వేసింది, మొత్తం 3.5 గ్రాములు. నర్సు దాన్ని రుచి చూసి వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తింది.

రక్త పరీక్షల్లో అందరూ తప్పటడుగు వేసేది జింక్ దగ్గరే. ఆమె సంచిలో ఎక్కడో ప్యాకేజీ పరీక్షలో చేయించిన రిపోర్టు ఉంది, జింక్ 98, నార్మల్. చూసి వదిలేయొచ్చు. కానీ మామూలు ట్యూబు రబ్బరు మూతలోంచే జింక్ రక్తంలోకి దిగుతుంది, సూది గుచ్చడం సరిగ్గా లేక రక్తకణాలు పగిలితే వాటిలో ఉన్న జింక్ కూడా బయటికొచ్చి అంకె పైకి పోతుంది. ఇంకోవైపు భోజనం చేశాక, జ్వరం ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, ఆల్బుమిన్ తగ్గినప్పుడు అంకె లోపం లేకపోయినా కిందికి పోతుంది. అందుకే పరగడుపున, పొద్దున, ట్రేస్ ఎలిమెంట్లకి వాడే ముదురు నీలం మూత ట్యూబులో తీయించి, అదే రోజు ల్యాబుకి పంపాను, పక్కనే సీఆర్‌పీ (ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగేది), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) కూడా. జింక్ 52 మైక్రోగ్రాములు ఒక డెసిలీటరుకి వచ్చింది, ఆడవాళ్ళకి పొద్దున పరగడుపు నమూనాలో 70 కంటే తగ్గితే లోపం కింద లెక్క. సీఆర్‌పీ, ఆల్బుమిన్ బాగున్నాయి కాబట్టి ఈ 52ని నమ్మొచ్చు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కింది అంచున ఉంది, అది కూడా జింక్ మీద నడిచే ఎంజైమే. సోడియం 131, ఉండాల్సిన దానికంటే తక్కువ. పొటాషియం, క్రియాటినిన్, థైరాయిడ్, బి12 సరిగ్గానే ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ పదేళ్ళు వాడిన మనిషిలో నునుపు నాలుక చూసి బి12 అడక్కుండా ఉండకూడదు.

జింక్ ద్రావణం నోట్లో పోసి రుచి తెలిస్తే లోపం లేదు, తెలియకపోతే ఉంది అని తేల్చే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది. రక్తంలో జింక్‌తో దానికి సరైన పొంతన దొరకలేదు. దాని మీద డబ్బు పెట్టొద్దు.

ఇంత జింక్ ఎక్కడ పోయింది? ఒక్క దారిన కాదు. థయజైడ్ మాత్రలు మూత్రంలో జింక్‌ని బయటికి పంపుతాయి, షుగరు ఉన్నవాళ్ళకి మూత్రంలో మామూలుగానే ఎక్కువ పోతుంది, రోజూ విరేచనాల్లో కొంత, కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రతో పేగు పీల్చుకునేది ఇంకొంత తగ్గుతుంది. వచ్చేది చూస్తే, పచ్చి బియ్యం 100 గ్రాముల్లో జింక్ సుమారు 1.2 మిల్లీగ్రాములు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆడవాళ్ళకి రోజుకి చెప్పింది 13.2, మగవాళ్ళకి 17. నీసు మానేశాక ఆ తేడా పూడ్చేది పప్పులు, నువ్వులు, వేరుశనగలే, వాటిలో జింక్ ఉన్నా, గింజల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుని వదలదు.

ఇది చెబుతుంటే పెద్దాయన "వరికి జింకు ధాతువు లోపం వస్తే ఎకరాకి ఇరవై కిలోలు చల్లతాం గదా సార్, అట్టాంటిదేనా" అన్నాడు. అట్టాంటిదే. నాట్లేసిన రెండు మూడు వారాలకి ఆకు మీద తుప్పు మచ్చలు రావడం, లీటరు నీళ్ళకి రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొట్టడం, భాస్వరం ఎరువుతో కలిపి వేయకూడదనడం నెల్లూరు రైతుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తమాషా ఏమిటంటే గింజ తన భాస్వరాన్ని దాచుకునే రూపమే ఫైటేట్, చేలో భాస్వరం ఎక్కువైతే జింక్ అందనట్టే పేగులోనూ అదే గొడవ. ఆయనకి వెంటనే అర్థమైంది, నాకు భయమేసింది, ఎందుకంటే ఇంట్లో ఆ బస్తా ఉంది. పొలం జింక్ సల్ఫేట్ మనుషులు మింగేది కాదు, అందులో సీసం కాడ్మియం లాంటివి ఉండొచ్చు, చిటికెడు కూడా వద్దని కోడలి ముందు గట్టిగా చెప్పి పంపాను.

వైద్యం కావాలనే రెండు దఫాలుగా చేశాను. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదట హైడ్రోక్లోరోథయజైడ్ ఆపి టెల్మిసార్టాన్ ఒక్కటే ఉంచాను, 131 సోడియంతో ఆ మాత్ర కొనసాగించడం ఎటూ కుదరదు. రెండు వారాలకి సోడియం 138, తూలుడు లేదు, బీపీ 126/78. ఉప్పు కల్లు చప్పరించడం ఆగిపోయింది, మానమని ఎవరూ చెప్పలేదు, కోడలు గమనించి చెప్పేదాకా ఆమెకే తెలియదు. కానీ గ్లాసుల పరీక్షలో ఒక్క మెట్టు కూడా దిగలేదు, మళ్ళీ ఆ 1 శాతమే, మజ్జిగలో 3.3 గ్రాములు. అంటే పీకులాట సోడియంది, ఆ మాత్రతో వచ్చి ఆ మాత్రతో పోయింది. చప్పదనం అక్కడే ఉంది.

రెండో దఫాలో జింక్. ఇక్కడ లేబుల్ చదవడం రాకపోతే డోసు మూడింతలు అటూ ఇటూ అవుతుంది. "జింక్ ఎసిటేట్ 50 మిల్లీగ్రాములు" అని ఉంటే అందులో అసలు జింక్ సుమారు 15, "ఎలిమెంటల్ జింక్ 50కి సమానం" అని ఉంటే నిజంగా 50. జింక్ సల్ఫేట్ 220 మిల్లీగ్రాముల బిళ్ళలో 50. పిల్లల విరేచనాలకి ఇచ్చే 20 మిల్లీగ్రాముల బిళ్ళ ఎలిమెంటల్ లెక్కే. నేను ఇచ్చింది అసలు జింక్ రోజుకి 30, రెండు విడతలుగా. పరగడుపున వేసుకుంటే వికారం పెట్టింది, తిన్నాక వేసుకోమంటే టీతో వేసుకుంది, టీ అయినా కాల్షియం, ఐరన్ మాత్రలైనా జింక్‌కి అడ్డమే, చివరికి మధ్యాహ్నం, రాత్రి భోజనమైన గంటన్నరకి మంచినీళ్ళతో అని ఖరారైంది. మెట్‌ఫార్మిన్‌ని నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చి భోజనం మధ్యలో వేసుకోమన్నాను, విరేచనాలు తగ్గాయి. పాంటోప్రజోల్ ఒక్కసారిగా ఆపితే మంట తిరగబడుతుంది, రోజు విడిచి రోజు చేసి ఆపించాం, అయినా కొన్నాళ్ళు గుండెల్లో మంటని తిట్టుకుంది.

మొక్కు జోలికి నేను పోలేదు. డాక్టర్లం అక్కడ వేలు పెడితే మనిషి మన దగ్గరికి రావడం మానేస్తుంది, అంతకుమించి జరిగేదేం లేదు. నువ్వుల పొడి అన్నంలో, నానబెట్టి మొలకలెత్తించిన శనగలు పెసలు గుగ్గిళ్ళుగా, ఇడ్లీ పిండి ఇంకొంచెం బాగా పులియనిచ్చి. నానడం, మొలకెత్తడం, పులియడం ఈ మూడూ ఫైటేట్‌ని విరగ్గొడతాయి. తాలింపులో తెల్లగడ్డ, కరివేపాకు, నిమ్మకాయ పెంచితే ఉప్పు తక్కువైన సంగతి కొంత మరుగున పడుతుందని కోడలికి చెప్పాను. నిమ్మకాయలకి నెల్లూరులో కరువేముంది.

రుచి మొగ్గల్లో కణాలు దాదాపు పది రోజులకోసారి కొత్తవి వస్తుంటాయని పుస్తకాల్లో ఉంటుంది, అది చదివిన పేషెంటు పదకొండో రోజున ఫోన్ చేస్తాడు. అంత త్వరగా ఏమీ జరగలేదు. ఆరు వారాలకి అర శాతం గ్లాసు పట్టుకుంది, మజ్జిగలో 2.4 గ్రాములు. మూడు నెలలకి పావు శాతం ప్రతిసారీ, 0.12 కొన్నిసార్లు, మజ్జిగలో 1.5. పెదాల మూలలు మానాయి, నాలుక అంచులు గరుకుదేరాయి. జింక్ అదే పద్ధతిలో తీస్తే 84.

జింక్ నాలుకలో ఏం చేస్తుందంటే, లాలాజలంలో కార్బానిక్ యాన్‌హైడ్రేజ్ 6 అనే ఎంజైము ఉంది, దాన్నే గస్టిన్ అని కూడా అంటారు, దాని మధ్యలో జింక్ ఉంటుంది. రుచి మొగ్గలు పెరగడానికి, నిలవడానికి అది కావాలంటారు. దానికి తోడు వేగంగా పుట్టి చచ్చే కణాలన్నింటికీ విభజన కోసం జింక్ కావాలి, రుచి కణాలు అలాంటివే. జింక్ లేని తిండి పెట్టిన ఎలుకలు మంచినీళ్ళు వదిలి ఉప్పునీళ్ళ వైపు మళ్ళుతాయి, కొద్ది రోజుల్లోనే, ఇది 1970ల నుంచి మళ్ళీ మళ్ళీ చూసిన సంగతి. మనుషుల్లో ఇంత తేటగా లేదు. జింక్ లోపాన్ని మనుషుల్లో మొదట పట్టుకున్నది మన బీహార్ డాక్టరు ఆనంద ప్రసాద్, 1958లో ఇరాన్ షీరాజ్‌లో 21 ఏళ్ళున్నా పదేళ్ళ పిల్లాడిలా కనిపించిన యువకుణ్ణి చూసి, వాళ్ళ తిండి దాదాపు అంతా పొంగించని గోధుమ రొట్టె, పైగా మట్టి తినే అలవాటు. 1972లో డెన్వర్‌లో హాంబిడ్జ్ బృందం జుట్టులో జింక్ తక్కువున్న, ఎదుగుదల మందగించిన పిల్లల్లో రుచి మొద్దుబారడం చూసింది, జింక్ ఇస్తే బాగుపడింది.

అలాగని రుచి పోయిన ప్రతి మనిషికీ జింక్ రాసెయ్యడం తప్పు. దీనికి సాక్ష్యం జింక్‌ని మొదట నెత్తిన పెట్టుకున్న హెన్కిన్ దగ్గరే ఉంది. రుచి తగ్గినవాళ్ళకి జింక్ ఇస్తే బాగుంటోందని ముందు రాసిన ఆయనే, 1976లో 106 మందితో ఎవరికేమిస్తున్నారో ఇచ్చే డాక్టరుకీ మింగే పేషెంటుకీ తెలియని పద్ధతిలో పరీక్షిస్తే జింక్ సల్ఫేట్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. ఆ 106 మందిలో రకరకాల కారణాలున్నవాళ్ళున్నారు. లోపం ఉన్నవాడికి ఇస్తే పనిచేసేది లోపం లేనివాడికి ఎందుకు పనిచేస్తుంది? నా కేసులోనూ రెండో దఫాలో జింక్‌తో పాటు పాంటోప్రజోల్ తగ్గింది, విరేచనాలు ఆగాయి, తిండి మారింది, కాబట్టి ఆ మూడు నెలల గుణం మొత్తం బిళ్ళదేనని నేను అనను. నాలుకని బాగుచేసింది జింక్ తిరిగి నిండటం, నింపింది ఇవన్నీ కలిసి అంటే ఒప్పుకుంటాను. థయజైడ్ ఆపినందుకు చప్పదనం తగ్గలేదన్నది మాత్రం నా గ్లాసులు చెప్పిన మాట, అయితే మూత్రంలో జింక్ పోవడం ఆగడానికి అదీ సాయపడే ఉంటుంది.

ఇంకో హెచ్చరిక. పెద్దవాళ్ళకి తిండితో కలిపి రోజుకి 40 మిల్లీగ్రాములు పై హద్దు. జింక్ ఎక్కువ కాలం ఎక్కువ తింటే రాగి పేగులోనే ఆగిపోతుంది, రక్తహీనత, తెల్లకణాలు తగ్గడం, వెన్నుపాము దెబ్బతిని నడక తడబడటం దాకా పోతుంది. కోవిడ్ తర్వాత ఇమ్యూనిటీ పేరుతో రోజుకి 50 మిల్లీగ్రాముల బిళ్ళ రెండేళ్ళుగా మింగుతున్నవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తున్నారు. ఈమెకి మూడు నెలలకి బ్లడ్ కౌంటు, రాగి చూసి జింక్ ఆపేశాను.

ఇక మళ్ళీ పెద్దాయన దగ్గరికి. ఆయన మాత్రలో నేను పెంచింది లేదు, వాపు వస్తోందని 10ని తిరిగి 5 చేశాను. భార్య నాలుక తేరుకున్నాక 24 గంటల మూత్రం మళ్ళీ పట్టిస్తే సోడియం 140, అంటే 8 గ్రాముల ఉప్పు, ఇంకా ఎక్కువే కానీ 13 కాదు. బీపీ 138/84.

గొడవ ఇంకో వైపు నుంచి లేచింది. ఏడాదిపాటు ఆ ఉప్పు తిన్న కొడుక్కి ఇప్పుడు వాళ్ళమ్మ వంట సప్పిడి కూడు. "అమ్మా, పప్పులో ఉప్పేసినావా లేదా" అని రోజూ తగువు, పక్కన ఉప్పు గిన్నె పెట్టుకుని కూర్చుంటాడు, అతన్ని చూసి మనవడు. అతని నాలుకలో ఏ లోపమూ లేదు, తర్వాత అతనికీ గ్లాసుల పరీక్ష పెడితే అందరికంటే ముందు చెప్పింది అతనే. ఇది అలవాటు. 1982లో బెర్టినో, బోచాంప్ బృందం ఉప్పు తగ్గించిన తిండి ఐదు నెలలు పెట్టి చూస్తే వాళ్ళకి బాగుందనిపించే ఉప్పు మోతాదే కిందికి జారింది. కాబట్టి కొడుక్కి నేను బిళ్ళలేం రాయలేదు, గిన్నె కంచం దగ్గర్నుంచి వంటింట్లోకి మార్చమన్నాను, కావాలంటే లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. ఆక్వా చెరువుల దగ్గర పని చేసి అలసిపోయి వచ్చే మనిషి, సగం రోజులు లేవడం లేదట.

ఆమెకి ఆరు నెలలకి జింక్, సోడియం, మజ్జిగ పరీక్ష మళ్ళీ ఉన్నాయి. బిళ్ళ ఆపాక తిండితోనే నిలబడుతుందా లేదా అన్నది అప్పుడు తేలుతుంది. నీసు మాత్రం ఇప్పటికీ ముట్టదు, చేపల పులుసుకి ఉప్పు చూసే పని కోడలిదని ఇంట్లో ఒప్పందమైంది.